ఏ ఆట ఎవరికి? మనసుకు, స్నేహానికి పనికొచ్చే వీడియో గేమ్ ఎంచుకోవడం

ఏప్రిల్ వచ్చిందంటే తిరుపతిలో పొద్దున పది దాటాక పిలకాయల్ని బయటికి పంపలేం. ఎండ తగ్గి, కొండవైపు నుంచి కాస్త గాలి తిరిగేసరికి సాయంత్రం ఆరవుతుంది. ఆ మధ్య గంటలన్నీ ఫోన్‌వే. "ఏదో ఒకటి ఆడుకోనీలే" అని వదిలేసేవాళ్ళు కొందరు, "గేమ్ అన్న మాట ఇంట్లో వినపడకూడదు" అనేవాళ్ళు కొందరు. ఇద్దరూ ఆటలన్నీ ఒకటే అనుకుంటున్నారు. నా గొడవ అక్కడే.

అన్నీ ఒకటి కావని చెప్పడానికి టెట్రిస్ చాలు. పైనుంచి పడే ముక్కల్ని సర్దే ఈ ఆటను 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేశాడు. 2003లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన షాన్ గ్రీన్, డాఫ్నీ బవెలియర్ ఒక ప్రయోగం చేశారు. ఆటలు అలవాటు లేనివాళ్ళలో కొందరి చేత మెడల్ ఆఫ్ ఆనర్ అనే యుద్ధం ఆట, కొందరి చేత టెట్రిస్, రోజుకో గంట చొప్పున పది రోజులు ఆడించారు. యుద్ధం ఆట ఆడినవాళ్ళకు ఒకేసారి నాలుగైదు చోట్ల దృష్టి నిలపడం మెరుగైంది. టెట్రిస్ ఆడినవాళ్ళలో అంత మార్పు రాలేదు. 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో ఎమిలీ హోమ్స్ బృందం అదే టెట్రిస్‌ను వేరే పనికి వాడి చూసింది. ఘోరమైన దృశ్యాలున్న ఫిల్మ్ చూపించి, అరగంట తర్వాత టెట్రిస్ ఆడిస్తే, తర్వాతి వారంలో ఆ దృశ్యాలు పిలవకుండా కళ్ళముందుకు రావడం తగ్గింది. చూపుకు పదును పెట్టలేని ఆట, మనసులో బొమ్మ నాటుకోకుండా అడ్డుపడగలిగింది.

అందుకే "గేమ్స్ మంచివా?" అన్న ప్రశ్నను పక్కనబెట్టి, మనకు ఏం కావాలో ముందు తేల్చుకుందాం. రాత్రి నిద్రపట్టక దొర్లేవాడికి ఒకటి కావాలి. కొత్త ఊళ్ళో పలకరించే దిక్కులేని హాస్టల్ కుర్రాడికి ఇంకొకటి. కొడుకు బెంగళూరులో, తండ్రి భాకరాపేటలో ఉన్న ఇంటికి మరొకటి.

## ఏం చూసి ఎంచుకోవాలి

ఆట ఎక్కడ ఆగుతుంది? ఇంట్లో గొడవలు ఎక్కువగా దీనివల్లే వస్తాయి కాబట్టి దీన్నే ముందు పెడుతున్నాను. అమ్మ అన్నానికి పిలుస్తుంది, అబ్బోడు కదలడు. పొగరు అనుకుంటాం. పబ్జీ బదులు వచ్చిన జట్టు యుద్ధం ఆట బీజీఎంఐలో క్లాసిక్ మ్యాచ్ అరగంట దాకా నడుస్తుంది, మధ్యలో ఆపే వీలుండదు. వాడు లేచొస్తే జట్టులో మిగతా ముగ్గురూ దెబ్బతింటారు. దిమ్మెలతో ఇళ్ళు కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఒక్కరే ఆడుతుంటే ఎక్కడైనా ఆపి మళ్ళీ అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు. మనిషికి పది నిమిషాల చదరంగం ఎంత సాగినా ఇరవై నిమిషాలు దాటదు. "ఇప్పుడే ఆపేయ్" అనేదానికన్నా "ఈ మ్యాచ్ ఎంతలో అయిపోతుంది? ఇంకోటి మొదలుపెట్టద్దు" అంటే పని జరుగుతుంది.

పక్కన ఎవరున్నారు? ఒకే గదిలో కూర్చుని ఆడటం, తెలిసినవాళ్ళతో హెడ్‌ఫోన్‌లో మాట్లాడుతూ ఆడటం, ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఆడటం. పైకి మూడూ "నలుగురితో ఆడటమే". మనిషికి మనిషి తోడయ్యే లెక్కలో చూస్తే ఈ మూడింటికీ చాలా తేడా.

ఎందుకు ఆడుతున్నారు? 2022లో ఆక్స్‌ఫర్డ్ ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు గేమ్ కంపెనీల నుంచి అసలు ఆడిన సమయం లెక్కలు తీసుకుని, దాదాపు 39,000 మంది ఆటగాళ్ళను పరిశీలించారు. ఎన్ని గంటలు ఆడారన్నదానికీ మనసు ఎలా ఉందన్నదానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనపడలేదు. ఇష్టపడి ఆడుతున్నారా, ఆడకుండా ఉండలేక ఆడుతున్నారా అన్నదే తేడా చూపింది. గంటలు లెక్కపెట్టే అమ్మానాన్నలు దీన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి. అలాగని గంటలకు విలువే లేదని కాదు. నిద్ర, చదువు, నడక పోయేది ఆ గంటల్లోంచే.

డబ్బు ఎక్కడ అడుగుతుంది? ఒకసారి కొంటే అయిపోయే ఆట వేరు. ఉచితమని చెప్పి లోపల తుపాకీ రంగుకూ చొక్కాకూ డబ్బు గుంజే ఆట వేరు.

| ఆట రకం | మనసుకు ఏం దక్కుతుంది | మనుషులతో | ఆపడం | ఖర్చు |
|---|---|---|---|---|
| పజిల్స్, టెట్రిస్ | ఊరట, ధ్యాస మళ్ళడం | ఏమీ లేదు | సులువు | దాదాపు లేదు |
| చదరంగం | ఆలోచన, ఓపిక | ఇద్దరు | సులువు | లేదు |
| బీజీఎంఐ లాంటి జట్టు యుద్ధాలు | చురుకు, చూపు | తెలిసిన జట్టయితే బాగా | కష్టం | ఉచితం అంటూనే అడుగుతుంది |
| మైన్‌క్రాఫ్ట్ | సృజన, నింపాది | అన్నాచెల్లెళ్ళకు బాగా | సులువే, మనసు ఒప్పుకోదు | ఒకసారి |
| ఒకే టీవీ ముందు ఇద్దరు | నవ్వులు, పట్టు | అన్నిటికన్నా ఎక్కువ | మధ్యస్థం | కన్సోల్ (టీవీకి తగిలించే ఆట యంత్రం) ఖరీదు |
| లూడో, క్యారమ్స్ యాప్‌లు | కాలక్షేపం | దూరంలో ఉన్న ఇంటివాళ్ళతో | సులువు | ప్రకటనలు |

## ఒంటరిగా, నిశ్శబ్దంగా: పజిల్స్

పనితో, పరీక్షలతో తల వేడెక్కినవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. ముక్కలు సర్దేటప్పుడు మెదడులో బొమ్మల్ని పట్టి ఉంచే భాగానికి ఖాళీ దొరకదు. చింత తెచ్చే బొమ్మలకూ కావాల్సింది ఆ చోటే. టెట్రిస్ పనిచేయడానికి పరిశోధకులు చెప్పే కారణం ఇది. 2017లో ఇదే బృందం ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్డు ప్రమాదం జరిగి ఆస్పత్రి అత్యవసర విభాగానికి వచ్చినవాళ్ళ దగ్గర కూడా ప్రయత్నించి, మంచి ఫలితమే చూసింది. అది ప్రమాదం జరిగిన కొద్ది గంటల్లోపు చేసినది. ఏళ్ళనాటి దుఃఖానికి ఇది మందు కాదు.

టెట్రిస్ తొందరపెడుతుంది అనిపిస్తే 2014లో వచ్చిన మాన్యుమెంట్ వ్యాలీ చూడండి. గడియారం ఉండదు, ఓటమి ఉండదు, మెట్లూ గోపురాలూ తిప్పుకుంటూ దారి వెతకడమే. పడుకునే ముందు ఏదైనా ఆడి తీరాల్సిందే అంటే ఇలాంటిది ఆడండి, యుద్ధం ఆట వద్దు. లోటు తెలిసిందే, ఇందులో తోడు ఉండదు. ఒంటరితనమే సమస్య అయినవాడికి పజిల్ ఇస్తే ఇంకాస్త ఒంటరివాడవుతాడు.

## చదరంగం: ఫోన్‌లోకి వచ్చిన అరుగు ఆట

మన ఇళ్ళల్లో ఎవరూ కాదనని వీడియో గేమ్ ఇదొక్కటే. గుకేశ్ 2024 డిసెంబరులో ప్రపంచ చాంపియన్ అయ్యాక ఆ గౌరవం ఇంకా పెరిగింది. లీచెస్ లాంటి సైట్లో పైసా ఖర్చు లేదు, ప్రకటనలు కూడా ఉండవు.

కానీ ఆన్‌లైన్ చదరంగం అంతా ప్రశాంతం అనుకోవద్దు. బ్లిట్జ్ అనే మూడు నిమిషాల మెరుపు ఆటలో ఓడిపోయి, ఉక్రోషంతో ఇంకోటి, దాంట్లోనూ ఓడి ఇంకోటి ఆడేవాణ్ణి చూస్తే, పబ్జీకీ దీనికీ తేడా పావుల్లోనే ఉందనిపిస్తుంది. పది నిమిషాలకు తక్కువ పెట్టుకోవద్దు. రెండు వరసగా ఓడితే ఫోన్ కింద పెట్టేయండి.

షిఫ్టు డ్యూటీలవాళ్ళకు ఇందులో ఒక మంచి సౌకర్యం ఉంది, చాలామందికి తెలియదు. శ్రీసిటీలో రాత్రి షిఫ్టు చేసేవాడికి, తిరుమలలో డ్యూటీ ఉండేవాడికి స్నేహితులతో సమయం కుదరదు. ఉత్తరాల చదరంగం పద్ధతిలో ఒక్కో ఎత్తుకు రోజుల గడువు పెట్టుకోవచ్చు. మీరు పొద్దున ఒక ఎత్తు వేసి పడుకుంటారు, అవతలివాడు సాయంత్రం లేచి జవాబిస్తాడు. రోజుకు రెండు నిమిషాలే. అయినా నెలరోజులు ఒక మనిషితో లింకు తెగదు.

## బీజీఎంఐ, ఫ్రీ ఫైర్: తిట్లు ఎక్కువ తినే ఆటలు

పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించింది. దాని బదులు బీజీఎంఐ 2021లో వచ్చింది, 2022లో మాయమైంది, 2023లో మళ్ళీ వచ్చింది. ఇన్నిసార్లు పోయినా పిలకాయలు మళ్ళీ అక్కడికే వెళ్ళడానికి తుపాకుల మోజు ఒక్కటే కారణం కాదు. "నాక్ అయ్యాన్రా, రివైవ్ ఇయ్యి" (దెబ్బతిని పడిపోయాను, లేపు) అంటే ఎవడో ఒకడు ప్రాణానికి తెగించి వస్తాడు. హాస్టల్లో మొదటి ఏడాది మాటకు తడుముకునే పిల్లవాడు స్క్వాడ్‌లో, అంటే నలుగురి జట్టులో, ఎవరు ఎటు దిగాలో చెప్తుంటాడు. బయట దొరకని చోటు వాడికి అక్కడ దొరికింది. దాన్ని "టైం వేస్ట్" అని కొట్టిపారేస్తే పోగొట్టేది ఆటను మాత్రమే కాదు.

ఈ లాభమంతా తెలిసిన స్క్వాడ్ ఉన్నప్పుడే. ముక్కూమొహం తెలియని ర్యాండమ్ జట్టులో మైకు ఆన్ చేస్తే చెవులు మూసుకోవాల్సిన బూతులు వినపడతాయి. పద్నాలుగేళ్ళ పిల్ల గొంతు వినపడిందంటే ఇంకా అన్యాయం. పిల్లలకు ర్యాండమ్స్‌తో వాయిస్ చాట్ ఆపేయండి, ఇందులో బేరం వద్దు.

ఇంకో చిక్కు సీజన్, అంటే ర్యాంకులు లెక్కకట్టే గడువు. ర్యాంకు పైకెక్కాలని పుష్ చేస్తున్నవాడికి సీజన్ చివరి రోజుల్లో ఆట ఆటలా ఉండదు, ఉద్యోగంలా ఉంటుంది. ఇందాక చెప్పిన "ఆడకుండా ఉండలేక ఆడటం" మొదలయ్యేది ఇక్కడే. సమయం తక్కువుంటే అదే ఆటలో పది నిమిషాల్లో తేలిపోయే టీడీఎం (టీమ్ డెత్‌మ్యాచ్) ఆడమనండి, స్నేహితులూ ఉంటారు, అన్నమూ చల్లారదు. బీజీఎంఐలో పద్దెనిమిది నిండనివాళ్ళకు రోజుకు మూడు గంటలు అని హద్దు ఉంది. నాన్న వయసు వేసి లోపలికి వెళ్ళినవాడికి అది వర్తించదు కాబట్టి కంపెనీ హద్దును నమ్ముకుని కూర్చోకండి.

## మైన్‌క్రాఫ్ట్: పదేళ్ళ పిల్లలకు నా ఓటు

ఐదో తరగతి, ఆరో తరగతి పిల్లలకు ఒక్కటే చెప్పమంటే ఇదే చెప్తాను. 2011లో పూర్తి రూపంలో విడుదలైంది, అమ్ముడైన కాపీలు 30 కోట్లు దాటాయి. చెక్క, రాయి, మట్టి దిమ్మెలతో ఏదైనా కట్టుకోవచ్చు. గోవిందరాజస్వామి గుడి గోపురం కట్టబోయి, ఏ అంతస్తు దగ్గర ఎన్ని దిమ్మెలు తగ్గించాలో లెక్కలేసే పిల్ల, బడిలో ఏడిపించే కొలతల్ని ఇక్కడ ఆడుతూ చేస్తుంది. క్రియేటివ్ పద్ధతిలో చావడం ఉండదు, తిండి వెతుక్కోవడం ఉండదు.

అన్నాచెల్లెళ్ళు రెండు ఫోన్లలో ఒకే వైఫై మీద ఒకే లోకంలో కలిసి కట్టుకోవచ్చు. తగాదాలు వస్తాయి, రావాలి కూడా. "నా ఇల్లు ఎందుకు పడగొట్టావ్?" అన్న పంచాయితీ తీర్చుకోవడం ఈ ఆట నేర్పే పెద్ద పాఠం. తెలియనివాళ్ళ సర్వర్లకు మాత్రం పంపకండి. ఇంట్లో లోకం చాలు.

ఆపడం సులువే అన్నాను. కానీ దీనికి ముగింపు లేదు. గెలుపు గీత అంటూ లేని ఆటలో "ఇంకొక్క గోడ" అన్న మాటకు అంతు ఉండదు. టైమర్ పెట్టి ఆడించండి.

## ఒకే గదిలో, ఒకే టీవీ ముందు

మనుషుల మధ్య బంధానికి దీన్ని మించింది లేదు. భుజానికి భుజం తగిలేలా కూర్చుని క్రికెట్ 24 ఆడుతూ, "నో బాల్ రా అది!" అని అరుచుకోవడంలో ఉన్న మజా హెడ్‌ఫోన్‌లో రాదు. 2021లో వచ్చిన ఇట్ టేక్స్ టూ ఇద్దరు లేకుండా మొదలే కాదు. ఒకరు మేకు కొడితే ఇంకొకరు దాన్ని పట్టుకుని ఊగాలి. పెళ్ళయిన కొత్తలో టీవీ ముందు ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకునే జంటలకు దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. కథలో ఉన్నది విడిపోబోయే దంపతులని ముందే చెప్పడం నా బాధ్యత!

ఇక్కడ ఒక విషయం ఆడపిల్లల తల్లిదండ్రుల కోసం. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం 2011లో ప్రచురించిన అధ్యయనంలో, అమ్మానాన్నలతో కలిసి వయసుకు తగ్గ ఆటలు ఆడే ఆడపిల్లలు ఇంటివాళ్ళతో ఎక్కువ దగ్గరగా ఉన్నారని, వాళ్ళలో దిగులు, దురుసుతనం తక్కువని తేలింది. మగపిల్లల్లో ఆ సంబంధం కనపడలేదు. కలిసి ఆడటం వల్లే అలా అయిందని ఆ అధ్యయనం తేల్చలేదు గానీ, మన ఇళ్ళల్లో కంట్రోలర్ ఎవరి చేతికి ఇస్తామో, ఎవరిని "వంటింట్లోకి రా" అంటామో ఒకసారి చూసుకోండి.

## లూడో, క్యారమ్స్: దూరం ఉన్నవాళ్ళకు

లాక్‌డౌన్‌లో లూడో కింగ్ ఇంటింటికీ వచ్చింది. మెదడుకు పదును లాంటి మాటలు దీనికి అక్కర్లేదు, పాచిక ఎలా పడితే అలా. దీని విలువ వేరే. "తిన్నావా, ఆరోగ్యం ఎలా ఉంది" తర్వాత ఫోన్లో మాటలు అయిపోయే తండ్రీకొడుకుల మధ్య ఒక ఆట ఉంటే, కాల్ అరగంట నడుస్తుంది. స్పీకర్ ఆన్ చేసి ఆడండి, లేకపోతే ఆ లాభమూ ఉండదు.

పులిజూదం, వామనగుంటలు ఆడి పెరిగిన తాతలకు, అవ్వలకు ఇవి తొందరగా పట్టుబడతాయి. "జ్ఞాపకశక్తి పెంచే యాప్" అని ప్రకటనలు వచ్చేవాటికి మాత్రం డబ్బు కట్టించకండి. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అరవై దాటినవాళ్ళ చేత న్యూరోరేసర్ అనే కారు ఆట ఆడిస్తే, ఒకేసారి రెండు పనులు చూసుకునే నేర్పు పెరిగింది నిజమే. అది అందుకోసమే ప్రయోగశాలలో తయారుచేసిన ఆట. బజారులో అమ్మే లూమోసిటీ మాత్రం మోసపూరిత ప్రకటనలిచ్చిందన్న ఆరోపణ మీద 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 20 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

## ఈ పోలికలోకి రాని ఆటలు

డబ్బు పందెం రమ్మీ, పోకర్లను ఇందులో కలపలేదు. మన రాష్ట్రం 2020లోనే వాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. "నైపుణ్యం ఆట" అని ఎవరు లింకు పంపినా నొక్కకండి.

## మరి మీరు ఏది తీసుకోవాలి?

ఇంటర్ రెండో ఏడాదిలో, ఈఏపీసెట్ నెత్తిన ఉన్నవాళ్ళు సీజన్లూ ర్యాంకులూ ఉన్న ఏ ఆటా పెట్టుకోకండి. రోజుకో టెట్రిస్, ఆదివారం స్నేహితులతో ఒక టీడీఎం చాలు. పూర్తిగా మానేయించిన పిల్లవాడు రాత్రి దుప్పటి కింద ఆడతాడు, పోయేది నిద్ర.

ఏర్పేడు ఐఐటీలోనో, ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లోనో కొత్తగా చేరి ఎవరూ తెలియనివాళ్ళకు జట్టు ఆటే మంచిది. కాకపోతే జట్టును ఫోన్లో వెతక్కండి, మీ వరండాలో వెతకండి. ఆట అయ్యాక టీకి కలిసి వెళ్ళగలిగే నలుగురు దొరికితే ఆ ఆట తన పని చేసినట్టే.

మగవాళ్ళు డ్యూటీకి, పిల్లలు బడికి వెళ్ళాక మధ్యాహ్నం ఒంటరిగా ఉండే గృహిణులు క్యాండీ క్రష్ దగ్గరే ఆగిపోతున్నారు. చెల్లెలితోనో, వదినతోనో రోజుల గడువు చదరంగమో క్యారమ్సో మొదలుపెట్టి చూడండి. అంతే సమయంలో ఒక మనిషి కూడా దొరుకుతుంది.

ఏ ఆటైనా సరే, ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోవడం, నష్టం కనపడుతున్నా కొనసాగించడం, ఈ మూడూ సుమారు ఏడాదిగా ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని గేమింగ్ రుగ్మత అంటుంది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న జబ్బుల జాబితాలో అది ఉంది. ఏడాది దాకా ఆగక్కర్లేదు, అనుమానం వస్తే కేంద్ర ప్రభుత్వ టెలి-మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

చివరిగా కన్సోల్ మాట. ప్లేస్టేషన్ 5 లాంటిదానికి పెద్ద మొత్తమే పెట్టాలి, ఆటల ఖర్చు దానికి అదనం. ఇంట్లో కలిసి ఆడేవాళ్ళు కనీసం ఇద్దరు లేకపోతే కొనకండి. గంటకింత అని తీసుకునే గేమింగ్ పార్లర్‌కు నెలకోసారి స్నేహితులతో వెళ్ళనివ్వండి, చేతిలో డబ్బు అయిపోగానే ఆట కూడా అయిపోతుంది. ఇద్దరున్నారా, అయితే పాత కన్సోల్ చాలు, రెండో కంట్రోలర్ మాత్రం మరిచిపోకండి. ఫోన్‌లో అయినా, టీవీలో అయినా ఆట పెట్టే ముందు స్టోర్‌లో ప్రతి కొనుగోలుకు పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగ్ మార్చి, మీ యూపీఐ పిన్ పిల్లల కంట పడకుండా చూసుకోండి.